ఓటుకు రెండు వేలు తీసుకున్నోళ్లకు, పార్టీకి కోట్లిచ్చిన కంపెనీని అడిగే హక్కుందా?

లెక్కల సార్, హన్మకొండ
రాత్రి 8:40

ఇక్కడ ఎన్నికల మీద ఏ చర్చ మొదలైనా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతున్నది. "ముందు జనం మారాలె, ఓటుకు పైసలు తీసుకునుడు బంద్ చేస్తే అన్నీ సక్కగైతయి" అని. ఈ మాటను నేను ఒప్పుకోను. నా లెక్క చెప్తా, కాదనేటోళ్లు కాదనండి.

2018 జనవరిలో ఎన్నికల బాండ్లు, అంటే పార్టీలకు చందా ఇచ్చే బ్యాంకు కాగితాలు, వచ్చినయి. కంపెనీ స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి ఇస్తుండె, పార్టీ 15 రోజుల్లో తన ఖాతాలో వేసుకుంటుండె. ఎవరు కొన్నరో, ఎవరికిచ్చిండ్రో జనానికి తెల్వదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ పథకాన్ని కొట్టేసింది. వివరాలియ్యడానికి బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది, కోర్టు ఒప్పుకోలేదు. మార్చిలో జాబితా బయటికొచ్చింది. 2019 ఏప్రిల్ 12 నుంచి జమైన సొమ్ము చూస్తే బీజేపీకి 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు, మన బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు. కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉన్నది కద. అక్కడ ఫ్యాక్టరీ పెట్టిన కేరళ బట్టల కంపెనీ కిటెక్స్ గ్రూపు 2023లో 25 కోట్ల బాండ్లు కొన్నది. అవన్నీ అప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న బీఆర్ఎస్ ఖాతాలో పడ్డయి. ఇది ఎన్నికల సంఘం తన సైట్‌లో పెట్టిన లెక్కే.

రెండు వేలు తీసుకున్న ముసలమ్మకు నీతులు చెప్పిన మనం ఈ 25 కోట్ల గురించి వరంగల్‌లో ఒక్క సభ పెట్టినమా? ఒక్క కరపత్రమైనా వేసినమా?


పరకాల పోరడు
రాత్రి 8:52

సార్, నమస్తే. ఒక్క మాట. ఆ 25 కోట్లు అప్పటి చట్టం ప్రకారమే ఇచ్చిండ్రు. బ్యాంకులకెల్లి పోయింది, పన్ను కట్టిన సొమ్ము. రాత్రిపూట బండ్లల్ల సంచులు దిగుడు కన్నా నయమే కద? ఎన్నికలకు పైసలు కావాలె, ఎవరో ఒకరు ఇయ్యాలె. మీరు, నేను చందా ఇస్తలేము. ఇచ్చినోన్నే దొంగ అంటే ఎట్ల?

జనం సంగతి కూడా అంటున్న. పైసలు తీసుకొని ఓటేసినోనికి తర్వాత అడిగే నోరుంటదా? "ఇచ్చినం కదరా" అంటడు నాయకుడు. మా ఊర్ల డ్రైనేజీ గురించి అడగవోతే సరిగ్గా గదే మాట అన్నడు.


గీసుగొండ ఆడబిడ్డ
రాత్రి 9:05

పార్కు పేరు వచ్చింది కాబట్టి మాట్లాడుతున్న. మా నాయన ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో పెట్టిన మిల్లు 2002లో మూతపడ్డది. ఆ తర్వాత మా బస్తీల సగం ఇండ్లు సూరత్, భివండి దారి పట్టినయి. మా చిన్నాయన భివండిలనే ఉండిపోయిండు, పండుగకొస్తే చుట్టం లెక్క ఉంటడు. కాబట్టి ఇక్కడికి ఫ్యాక్టరీ వచ్చిందంటే నాకు సంతోషమే. మా ఆడపడుచు బిడ్డ ఆ పార్కులనే ఒక కంపెనీల కుట్టు పనికి పోతున్నది. ఇంట్ల ఆమె మాటకు విలువ పెరిగింది. ఈ సంగతి పక్కకు పెట్టి "కార్పొరేట్ డౌన్ డౌన్" అంటే నేను అనలేను.

కాకపోతే లెక్కల సార్ అడిగిన దాంట్ల నాకు ఇంకొకటి కావాలె. కంపెనీ పార్టీకి ఎంతిచ్చిందో తెలిసింది. ప్రభుత్వం కంపెనీకి ఏమిచ్చింది? భూమి ఎకరం ఎంతకిచ్చిండ్రు, కరెంటుల ఎంత రాయితీ, పన్నుల ఎంత వాపసు, బదులుగా ఎంతమందికి పని ఇస్తమని రాసిచ్చిండ్రు, అండ్ల మా మండలాలోళ్లు ఎంతమంది? భూములు పోయినోళ్ల ఇండ్లల్ల ఎందరికి పని దొరికింది? ఈ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే గాని 25 కోట్లు తప్పో ఒప్పో చెప్పలేము. నాకు ఫ్యాక్టరీ కావాలె, కాగితం కూడా కావాలె.


కాజీపేట వకీలు
రాత్రి 9:21

చెల్లెమ్మ అడిగిన ప్రశ్నే సుప్రీంకోర్టు తీర్పుకు కూడా గుండెకాయ. కంపెనీ ఇచ్చే విరాళాన్ని మామూలు మనిషి ఇచ్చే చందాతో ఒకే గాటన కట్టలేమని, కంపెనీ ఇచ్చేది ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీ అని కోర్టు అన్నది. ఎవరు ఎవరికి ఇచ్చారో తెలుసుకోవడం ఓటరు హక్కు అని కూడా అన్నది. పరకాల తమ్ముడు "చట్టం ప్రకారమే" అన్నాడు, నిజమే. కానీ ఆ చట్టాన్ని ఎలా మార్చుకుంటూ వచ్చారో చూడాలి.

1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీ విరాళాలను పూర్తిగా నిషేధించింది. దాంతో డబ్బు ఆగలేదు, నల్లడబ్బు దారిలోకి మళ్లింది. 1985లో నిషేధం ఎత్తేశారు. 2013 కంపెనీల చట్టం ఒక హద్దు పెట్టింది: గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు, ఏ పార్టీకి ఇచ్చారో లెక్కల్లో చూపాలి. 2017లో బాండ్ల కోసం ఆ రెండు కట్లూ తెంపేశారు. లాభం లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. నష్టాల్లో ఉన్న కంపెనీ కోట్లు విరాళం ఇస్తుందంటే ఆ డబ్బు ఎవరిదని అడగాలా వద్దా? 2024 తీర్పు ఈ సవరణలను కూడా కొట్టేసింది.

మేఘా విషయంలో ఒక జాగ్రత్త. ఆ కంపెనీ కాళేశ్వరం పంపుహౌస్‌లు కట్టింది, తర్వాత బాండ్లూ కొన్నది. అయితే కాళేశ్వరం ప్రధాన పనులు అప్పగించింది బాండ్ల పథకం రాకముందే. "బాండ్లు ఇచ్చి కాళేశ్వరం తెచ్చుకున్నారు" అని ఎవరైనా ఇక్కడ రాస్తే తేదీలు ఒప్పుకోవు. పని ముందు, బాండు తర్వాత అయితే అడగాల్సిన ప్రశ్న వేరు: పని నడుస్తున్నప్పుడు అంచనాలు ఎవరు, ఎందుకు పెంచారు, బిల్లులు ఏ వేగంతో కదిలాయి?

ఇంకొకటి కూడా జనం గమనించలేదు. కిటెక్స్ కేరళలో విరాళాలతో ఆగలేదు. ఆ కంపెనీ సామాజిక బాధ్యత నిధులతో మొదలైన ట్వంటీ20 అనే సంస్థ 2015లో కిళక్కంబలం పంచాయతీని గెలిచింది. సరుకులు చవకగా ఇచ్చారు, రోడ్లు వేశారు, జనం ఓట్లేశారు. అక్కడి వాళ్లు సంతోషంగానే ఉన్నారనుకుందాం. మరి ఆ కంపెనీ కాలుష్యం మీద పంచాయతీ నోటీసు ఇవ్వాల్సి వస్తే సంతకం ఎవరు పెడతారు?


పరకాల పోరడు
రాత్రి 9:26

వకీలు సార్, అయితే బాండ్లు పోయినయి, 7.5 శాతం హద్దు మళ్లీ వచ్చింది. ఇంక లొల్లేంది?


కాజీపేట వకీలు
రాత్రి 9:33

డబ్బు దారి మార్చుకుంది, అంతే. ఎలక్టోరల్ ట్రస్టులని 2013 నుంచే ఉన్నాయి. కంపెనీలు ట్రస్టులో వేస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. బాండ్లు లేని మొదటి పూర్తి సంవత్సరం 2024-25లో ఈ ట్రస్టుల నుంచి పార్టీలకు వెళ్లింది 3,800 కోట్లకు పైనే. అందులో ఐదింట నాలుగు వంతులు ఒక్క బీజేపీకి. ట్రస్టులో ఎవరు వేశారో, ట్రస్టు ఎవరికిచ్చిందో తెలుస్తుంది. చాలా కంపెనీలు కలిసి వేసినప్పుడు ఏ కంపెనీ సొమ్ము ఏ పార్టీకి చేరిందో విడదీసి చెప్పడం కష్టం. బాండ్ల కన్నా మెరుగే, కాదనను.


హుజూరాబాద్ వాస్తవ్యుడు
రాత్రి 9:48

ఓటుకు పైసలు అంటే దేశమంతా మా వైపే చూసింది, కాబట్టి నాకు మాట్లాడే హక్కున్నదనుకుంట. 2021 అక్టోబర్ 30న మా ఉపఎన్నిక. కవరుకు 6 వేలు అని పేపర్లల్ల, టీవీలల్ల వచ్చింది. మాకు ముట్టలేదని కొన్ని ఊర్లల్ల ఆడోళ్లు రోడ్డెక్కిండ్రు. ఆ వీడియోలు పెట్టి "హుజూరాబాద్ జనం అమ్ముడువోయిండ్రు" అని మమ్ముల తిట్టని మనిషి లేడు. హైదరాబాద్‌ల మా తమ్మునికి ఆఫీసుల గూడ గదే ముచ్చట.

జర లెక్క చూడున్రి. మా నియోజకవర్గంల ఓటర్లు 2 లక్షల 30 వేలకు పైన. సగం మందికే 6 వేల చొప్పున ముట్టిందనుకుందాం, 69 కోట్లయితది. అభ్యర్థి ఖర్చుకు అప్పుడున్న హద్దు 30 లక్షల 80 వేలు. 69 కోట్లు ఏ బ్యాంకుల నుంచి వచ్చినయి? ఏ కంపెనీ, ఏ కాంట్రాక్టరు, ఏ క్వారీ, ఏ వెంచరు తెచ్చిచ్చింది? రోడ్డెక్కిన ఆడోళ్ల మొఖాలు టీవీల చూపిచ్చిండ్రు. పైసలు తెచ్చినోని మొఖం ఎవలన్న చూసిండ్రా?

ఆ ఆడోళ్లు తప్పు చేసిండ్రనే అనుకుందాం. చట్టంల ఇచ్చుడు నేరమే, తీసుకునుడు నేరమే, ఏడాది దాక జైలు. మరి శిక్ష అవమానం రూపంల పడ్డది ఎవలకు?


పరకాల పోరడు
రాత్రి 9:55

అన్నా, బాధ అర్థమైంది. అయినా తీసుకునుడు తప్పే.


కంకర రోడ్డు కాంట్రాక్టర్, మహబూబాబాద్ జిల్లా
రాత్రి 10:20

చానా సేపటి నుంచి చదువుతున్న. మీరు కార్పొరేట్ అంటే హైదరాబాద్, ముంబై వైపు చూస్తున్నరు. మండలంల రాజకీయానికి పైసలు పెట్టేది మాలాంటోళ్లం. నేను సీసీ రోడ్లు, సైడు కాల్వలు, స్కూలు ప్రహరీ గోడలు కడత. ఏ పార్టీ అని అడగకున్రి, ఏ పార్టీ ఉన్నా నా పని ఇదే, నా కథ ఇదే.

ఎట్ల నడుస్తదో చెప్త. చిన్న పనులు నామినేషన్ మీద ఇస్తరు, అంటే టెండర్ ఉండదు, నాయకుడు చెప్పిన మనిషికి పోతది. పెద్ద పనికి టెండర్ ఉంటది గని ఎవలు వేయాలె, ఎవలు తప్పుకోవాలె ముందే మాట అయితది. పని చేస్తం. ఏఈ, అంటే ఇంజనీరు, వచ్చి కొలుస్తడు, ఎంబీ అనే కొలతల పుస్తకంల ఎక్కిస్తడు. బిల్లు పోతది, ట్రెజరీల టోకెన్, అంటే వరుస నంబరు, పడ్తది. అందరు ఇక్కడికి పని అయిపోయింది అనుకుంటరు. అసలు సంగతి ఇక్కడే మొదలైతది.

టోకెన్ పడ్డ బిల్లు నెలలు పండుతది, ఏడాది పండుతది. నా వెనుక టోకెన్ పడ్డోనికి ముందు వస్తది. ఎందుకని అడిగితే "ఫండ్ లేదు" అంటరు. వానికున్న ఫండ్ నాకు ఎందుకు లేదు? ట్యాంకర్ కాడ బిందెల వరుస లెక్క ఎవని బిందె ఎప్పుడు ముందుకు జరుగుతదో ఒక్క మనిషి చేతుల ఉంటే, ఆ మనిషికి నేను కాదని చెప్పలేను. ఎన్నికలొచ్చినయంటే ఫోనొస్తది: "ఆ ఐదు ఊర్ల ఖర్చు నువ్వు చూసుకో." బెదిరియ్యరు. అవసరం లేదు. టోకెన్ సంగతి ఇద్దరికీ తెలుసు.

నేనిచ్చిన సొమ్ము యాడికెల్లి వస్తది? రోడ్డులకెల్లి వస్తది. ఆరు అంగుళాల మందం నాలుగైతది, సిమెంటు తగ్గుతది, రెండు వానాకాలాలకు కంకర తేలుతది. మీకు ముట్టిన రెండు వేలు మీ ఊరి రోడ్డే. మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం ధర్నాలు చేసిండ్రు కద, బంగారం కుదువ పెట్టి పని చేయించినోళ్లు అండ్ల ఉన్నరు. వాళ్లకు ముందుకు జరిపే చెయ్యి దొరకలేదు.

నా మాట ఒక్కటే. చందాలు ఆపుడు మీ తోని కాదు, ఎవని తోని కాదు. ట్రెజరీ టోకెన్ల వరుస ప్రతి జిల్లాల నెట్‌ల పెట్టున్రి: తేదీ, పని పేరు, ఊరు, ఎంత, ఎప్పుడు ఇచ్చిండ్రు. వరుస తప్పి ఇస్తే ఎందుకిచ్చిండ్రో పక్కన రాయాలె. అట్ల చేస్తే మా జిల్లాల సగం మంది కాంట్రాక్టర్లు ఎన్నికలకు పైసా తియ్యరు. తియ్యాల్సిన పని ఉండదు.


పరకాల పోరడు
రాత్రి 10:31

మందం తగ్గించి రోడ్డేసి, ఆ సొమ్ము నాయకునికిచ్చి, ఇప్పుడు మాకు సలహాలా? మా ఊరి రోడ్డు మీద మొన్ననే మా అమ్మ బండి మీదికెల్లి పడ్డది. మీలాంటోళ్లు ఒక్కరు "ఇయ్య" అని నిలబడితే లోకం మారుతది.


కంకర రోడ్డు కాంట్రాక్టర్, మహబూబాబాద్ జిల్లా
రాత్రి 10:38

తమ్మీ, అమ్మకు ఎట్లున్నది ఇప్పుడు? నిలబడ్డోళ్లు ఉన్నరు. నాతోని కలిసి లైసెన్స్ తీసుకున్నోడు నిలబడ్డడు. సిమెంటు దుకాణం బాకీ, జేసీబీ కిస్తీ, కూలోళ్ల పైసలు మీద పడి ఇల్లమ్ముకొని హైదరాబాద్ పోయిండు. నువ్వు కోపం చేసుడు న్యాయమే. ఆ కోపం టోకెన్ కౌంటర్ కాడ చూపించు.


నిర్వాహకులు
రాత్రి 10:40

ఒకరి మీద ఒకరు వ్యక్తిగతంగా పోవద్దు. ఏ స్థానిక నాయకుడి పేరూ ఆధారం లేకుండా రాయొద్దు. చర్చ మంచిగా నడుస్తున్నది, నడవనీయండి.


బొగ్గుబాయి కార్మికుడు, భూపాలపల్లి
రాత్రి 11:02

సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చిన, ఇప్పుడే చదివిన. సింగరేణిల 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. 2020ల కేంద్రం బొగ్గు బ్లాకులను ప్రైవేటు వేలానికి పెట్టింది, ఎవలైనా తవ్వి ఎవలకైనా అమ్ముకోవచ్చు. మా ప్రాంతం బ్లాకులు నాలుగు వేలంల పెడితే 2021 డిసెంబర్ 9, 10, 11 తారీఖుల్లో మూడు రోజులు సమ్మె చేసినం. ఎన్నడు కలువని యూనియన్లు ఒక్క తాటి మీదికొచ్చినయి.

వేలం పాడిన కంపెనీలల్ల ఎవలు ఏ పార్టీకి ఎంతిచ్చిండ్రో ఆ దినం మాకు తెల్వదు, తెలిసే దారి లేదు. తెలిసుంటే మా గేట్ మీటింగ్‌ల మాట వేరే ఉండేది. నా పట్టు ఇదే: లెక్క ఎప్పుడు బయటికొస్తదన్నది కూడా లెక్కంత ముఖ్యం. 2023 నవంబర్ 30న మనం అసెంబ్లీకి ఓటేసినం. బాండ్ల జాబితా చూసింది 2024 మార్చిల, అది గూడ కోర్టు మెడ మీద కూసుంటె. ఇప్పటికీ పార్టీలు 20 వేలకు పైన వచ్చిన విరాళాల లెక్క ఏడాదికోపారి ఇస్తయి. ఓటేసినంక తెలిసి ఏం చేస్తం? ఫోన్‌ల పది రూపాయలు పంపితె టింగుమని చప్పుడైతది. పార్టీకి కోటి పడితె వారంల బయట పెట్టలేరా?

ఒక దర్యాప్తు ముచ్చట. 2022 నవంబర్‌ల ఒక మందుల కంపెనీ డైరెక్టర్‌ను ఈడీ పట్టుకున్నది. ఐదు రోజులకే ఆ కంపెనీ 5 కోట్ల బాండ్లు కొని కేంద్రంల ఉన్న పార్టీకిచ్చింది. తర్వాత ఆయన అప్రూవర్ అయిండు. దానికి దీనికి సంబంధం ఉన్నదో లేదో నేను చెప్ప. కాని ఆ తేదీలు అప్పుడే కనపడితే పార్లమెంటుల నిలబెట్టి అడిగేటోళ్లు కద.


మాజీ వార్డు మెంబర్, నర్సంపేట
రాత్రి 11:15

మా చుట్టుపక్కల ఊర్లల్ల సర్పంచ్ పదవికే వేలం పాట పెడుతున్నరు. గుడి కట్టిస్త అన్నోనికి ఏకగ్రీవం. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీల సర్పంచ్ అభ్యర్థి ఖర్చు హద్దు లక్షన్నర. పాట దాన్ని ఎన్నో రెట్లు దాటుతది. పెట్టినోడు యాడ తీసుకుంటడో కాంట్రాక్టర్ అన్న చెప్పిండు. నామినేషన్ వేయాలనుకున్న మా సంఘం ఆడామెను "ఊరి మంచికి అడ్డమొస్తవా" అని కూసోబెట్టిండ్రు. మస్తు బాధైంది.


లెక్కల సార్, హన్మకొండ
రాత్రి 11:24

నేను మొదలుపెట్టిన చోటు నుంచి చర్చ చాలా ముందుకొచ్చింది. ప్రభుత్వమే ఎన్నికల ఖర్చు భరించాలని కొందరంటరు. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ కూడా గుర్తింపు పొందిన పార్టీలకు కొంత సాయం, అది కూడా వస్తు రూపంలో, ఇయ్యొచ్చన్నది. నాకు దాని మీద పెద్ద ఆశ లేదు. ప్రభుత్వ సొమ్మూ తీసుకుంటరు, కంపెనీ సొమ్మూ తీసుకుంటరు. పార్టీ ఖర్చుకు హద్దే లేనప్పుడు ఏ సాయం సరిపోతది? అభ్యర్థికి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు అని హద్దు. పార్టీకి మాత్రం ఎంతైనా. హెలికాప్టర్ పార్టీ లెక్కల, జీపు అభ్యర్థి లెక్కల.

కాంట్రాక్టర్ తమ్ముడు, గీసుగొండ చెల్లె ఇద్దరూ వేర్వేరు దిక్కుల నుంచి ఒకే తలుపు కాడికి వచ్చిండ్రు. ఇచ్చిన పైసల కన్నా, తిరిగి అందిన మేలు ఏ కాగితంలో ఉన్నదో దాన్ని పట్టుకోవాలె. అక్కడ మన జిల్లాలో మన చేతికి అందేది ఏమన్నా ఉన్నదా, వకీలు గారూ?


కాజీపేట వకీలు
రాత్రి 11:41

ఉంది. ఒకటి, ప్రతి అభ్యర్థి ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ప్రకారం ఒక్క రూపాయి రుసుము కట్టి ఎవరైనా ఆ లెక్క చూడొచ్చు, నకళ్లకు విడిగా రుసుము కట్టి తీసుకోవచ్చు. మీ ఊళ్లో జరిగిన సభకు టెంట్లు, కుర్చీలు, బిర్యానీ ఎంత రాశారో చూస్తే చాలు, మీ కళ్లతో చూసినదానికీ దానికీ పొత్తు ఉందో లేదో తెలుస్తుంది.

రెండు, సమాచార హక్కు. పార్టీలను ఈ చట్టం కింద అడగలేకపోతున్నాం. 2013లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు దీని కిందికి వస్తాయని చెప్పినా అవి లెక్కచేయలేదు. కానీ ట్రెజరీ ప్రభుత్వ కార్యాలయం, పరిశ్రమల శాఖ ప్రభుత్వ కార్యాలయం. జిల్లా స్థాయి ఆఫీసుకు పది రూపాయలు, మండలానికి ఐదు, గ్రామ స్థాయిలో రుసుమే లేదు. వ్యాపార రహస్యం అని కొంత దాచొచ్చు. భూమి ధర, ఇచ్చిన రాయితీ, కల్పించిన ఉద్యోగాల సంఖ్య రహస్యమంటే అప్పీలుకు వెళ్దాం, ఫీజు తీసుకోకుండా నేను రాసిపెడతాను.


గీసుగొండ ఆడబిడ్డ
రాత్రి 11:50

పార్కు దరఖాస్తు నా పేరు మీద వేస్త. ఒక్క కంపెనీ గురించి అడిగితే కక్షగట్టినట్లు ఉంటది, పార్కుల భూమి తీసుకున్న అన్ని కంపెనీల గురించి అడుగుత. భూమి ధర, రాయితీలు, రాసిచ్చిన ఉద్యోగాలు, ఇచ్చిన ఉద్యోగాలు, అండ్ల మా రెండు మండలాలోళ్లు, భూ నిర్వాసితులు ఎంతమంది. ఇంకేమన్న చేర్చాల్నా?


కంకర రోడ్డు కాంట్రాక్టర్, మహబూబాబాద్ జిల్లా
రాత్రి 11:58

ట్రెజరీ ప్రశ్న నేను రాసిస్త, నా పేరు మాత్రం వద్దు. ఇట్ల అడగున్రి: "ఫలానా ఆర్థిక సంవత్సరంలో టోకెన్ పడిన పనుల బిల్లులు టోకెన్ తేదీ వరుసలో, చెల్లించిన తేదీతో సహా ఇయ్యగలరు." "పెండింగ్ ఎన్ని" అని అడగొద్దు, మొత్తం ఒక్క అంకె రాసి పంపుతరు. రెండు తేదీలు పక్కపక్కన అడిగితేనే ఎవని బిల్లు దుంకిందో కనపడ్తది.


లెక్కల సార్, హన్మకొండ
రాత్రి 12:03

ట్రెజరీది నా పేరు మీద వేయండి. రిటైరైన మనిషిని, నా బిల్లు ఎక్కడా ఆగి లేదు. సోమవారం పదకొండుకు కలెక్టరేట్ కాడ ఉంట, అభ్యర్థుల ఖర్చు లెక్కలు చూసేందుకు ఇద్దరు ముగ్గురు వస్తే బాగుంటది.


పరకాల పోరడు
రాత్రి 12:07

నేనొస్త సార్. మా నియోజకవర్గం లెక్క నేను చూస్త, సభలకు నేనే వీడియోలు తీసిన, ఎన్ని బండ్లొచ్చినయో అండ్ల ఉన్నది. కాని ఓటుకు పైసలు తీసుకునుడు తప్పు అనే మాట మీద నేను తగ్గ.


హుజూరాబాద్ వాస్తవ్యుడు
రాత్రి 12:10

తగ్గకు తమ్మీ. మా దిక్కు ఖర్చు లెక్కల నకలు నేను కరీంనగర్‌ల తీస్త, సోమవారమే.